నిమిషమునకొక ప్రశ్న

ఆంధ్రప్రదేశపు పటమును ముందుంచుకొని నైరృతి మూలను చూచినచో, కర్ణాటక భూభాగములోనికి చొచ్చుకొనిపోయిన ఒక కొస కానవచ్చును. మడకశిర, గుడిబండ, రొళ్ల, అమరాపురము, అగళి అను మండలములు ఆ కొసయందున్నవి. ఒకప్పుడు నొళంబ రాజులకు రాజధానియై వెలసిన హేమావతి ఈ పొరుగుననే యున్నది. వక్కతోటలు, వేరుసెనగ చేలు, మల్బరీ మళ్లు గల ఈ సీమలో అనేక గృహములందు కన్నడము మాటలాడుదురు; అంగడిలో రెండు భాషలును చెల్లును; బడులలో కొన్ని తెలుగు మాధ్యమమువి, కొన్ని కన్నడ మాధ్యమమువి. ఈ రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలలో పెక్కుమంది కళాశాలలో అడుగిడిన పిదపనే ఇంగ్లీషుతో నిత్యవ్యవహారమునకు దిగుదురు.

అట్టి బాలబాలికలు ఇప్పుడు హిందూపురములోను, అనంతపురములోను, తుమకూరులోను, బెంగళూరులోను ఇంజనీరింగో, బీకామో, ఎంబీఏయో చదువుచు, చివరి సంవత్సరము రాగానే కన్సల్టింగ్ కంపెనీలకు దరఖాస్తులు పెట్టుచున్నారు. దరఖాస్తు పెట్టిన కొన్ని దినములకు ఒక ఈమెయిల్ వచ్చును. అందులో ఒక లింకు, ఒక గడువు తేది, కొన్ని షరతులు ఉండును. ఆ లింకును నొక్కిన క్షణమునుండి తెర మూలన గడియారము తిరుగ నారంభించును. ఈ వ్యాసము ఆ లింకును నొక్కుటకు ముందు గడపవలసిన మాసములను గూర్చినది.

కన్సల్టింగ్ అనగా ఇతరుల వ్యాపారమును పరిశీలించి సలహా చెప్పి రుసుము తీసికొను వృత్తి. అమెరికాలో ఆర్థర్ డి. లిటిల్ కంపెనీ 1886లోను, జేమ్స్ మెకిన్సీ స్థాపించిన కంపెనీ 1926లోను, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు 1963లోను వెలసినవి. లెక్కల తనిఖీకి పేరుపడిన డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ అను నాలుగు సంస్థలును, యాక్సెంచర్ వంటి సాంకేతిక సలహాదారు సంస్థలును హైదరాబాదు, బెంగళూరు నగరములలో విశాలమైన కార్యాలయములు నెలకొల్పి, యేటేట క్రొత్త పట్టభద్రులను పెద్ద సంఖ్యలో చేర్చుకొనుచున్నవి. దరఖాస్తులు మాత్రము ఆ ఉద్యోగములకన్న ఎన్నో రెట్లు వచ్చును. వచ్చిన వారినందరిని పిలిచి ముఖాముఖి మాటలాడుట సాధ్యము కాదు గనుక, ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష అను జల్లెడ మొదట నిలిచినది.

ఈ జల్లెడ నిన్న మొన్న పుట్టినది కాదు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున దిగినప్పుడు, సైన్యములో చేరవచ్చిన వారిని త్వరితముగా వర్గీకరింపవలసి వచ్చి, రాబర్ట్ యెర్కీస్ అను మనస్తత్త్వవేత్త నాయకత్వమున ఆర్మీ ఆల్ఫా అను పరీక్ష తయారైనది. సుమారు 17 లక్షల మంది ఆ పరీక్షలకు కూర్చుండిరి. ఆ చరిత్రలో మన పిల్లలకు తెలియవలసిన విషయ మొకటి కలదు. ఇంగ్లీషు చదువనేరని వారి కొరకు యెర్కీస్ బృందము ఆర్మీ బీటా అని వేరొక పరీక్షను, కేవలము బొమ్మలతోను సంజ్ఞలతోను, కూర్చవలసి వచ్చెను. అనగా బుద్ధిని కొలువబోయిన పరీక్ష భాషను కొలిచి యూరకుండు ప్రమాదము కలదని ఈ విద్య పుట్టిననాడే దానిని పుట్టించిన వారికి తోచినది. నూరేండ్లు గడచిన పిదప అగళి పిల్లకు బీటా పరీక్ష లేదు. ఆమె అందరితోపాటు ఆల్ఫా పరీక్షయే వ్రాయవలెను.

ఉద్యోగములకై ఇట్టి పరీక్షలు తయారుచేయుటనే వ్యాపారముగా పెట్టుకొన్న సంస్థలు తరువాత వచ్చినవి. ఇంగ్లండులో పీటర్ సావిల్, రోజర్ హోల్డ్స్‌వర్త్ అను నిద్దరు 1977లో స్థాపించిన కంపెనీయే నేడు ఎస్‌హెచ్‌ఎల్ అను పేర లోకమంతట వ్యాపించినది. మన దేశమున 2008లో ఆరంభమైన ఆస్పైరింగ్ మైండ్స్ వారి ఆమ్‌క్యాట్ పరీక్షను ఇంజనీరింగు విద్యార్థులెరుగుదురు. ఆ సంస్థను 2019లో ఎస్‌హెచ్‌ఎల్ కొన్నది. మెట్టల్ అను మరియొక భారతీయ సంస్థ 2018లో మెర్సర్ వారి చేతిలోనికి పోయినది. కావున ఉద్యోగమిచ్చు కంపెనీ పేరు ఏదైనను, ప్రశ్నపత్రము కూర్చువారు కొలదిమందియే. ప్రశ్నల జాతులు కూడ కొలదియే: పట్టికలు, రేఖాచిత్రములు చూపి లెక్కలడుగునవి, ఒక పేరా నిచ్చి దానినుండి ఏమి తేలునో ఏమి తేలదో అడుగునవి, ఆకృతుల వరుస నిచ్చి తరువాతిది ఏదని అడుగునవి, కొన్నిచోట్ల ఇంగ్లీషు ఉచ్చారణను వినునవి. కొలదిగా నున్నవానిని ముందే పరిచయము చేసికొనవచ్చును గదా. ఈ పరిచయమునే కొందరు అదృష్టవంతులు నగరములలో డబ్బిచ్చి కొనుచున్నారు, తక్కినవారు మొదటిసారి అసలు పరీక్షలోనే ఆ ప్రశ్నల ముఖము చూచుచున్నారు.

గ్రామీణ విద్యార్థికి తక్కువైనది తెలివి కాదు. ఇంగ్లీషు వాక్యమును వేగముగా చదివి, అందు అడిగినదేదో పట్టుకొను అలవాటు ఒకటి. ప్రశ్న స్వరూపమునందలి చనువు రెండవది. ఈ రెండును సాధనచేత వచ్చునవే. పుట్టుకతో ఎవరికిని రావు. సాధనకు కాలము కావలెను. ఆ కాలమును మనవారు చివరి నెలలో వెదకుకొనుచున్నారు, అదియే నా బాధ.

గత వేసవిలో హిందూపురమున ఒక మిత్రుని ఇంటి మేడగదిలో, అగళి దాపునున్న ఒక పల్లె నుండి వచ్చి బస చేసిన బీటెక్ విద్యార్థిని నమూనా పరీక్ష వ్రాయుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. లెక్కల భాగములో సగము ప్రశ్నలు ముట్టకుండగనే గడువు ముగిసినది. ‘లెక్కలు రావా అమ్మా?’ అని అడిగితిని. ‘లెక్క తెలుసు సార్. ప్రశ్న సదివేకే టైమంతా అయిపోతాది. చేసేకి ఏడ మిగుల్తాది?’ అన్నది. ఆ మాట యెంత నిజమో తెలిసికొనవలెనని, ఆమె వదలిన ప్రశ్నవంటి దానినే ఆమె ఇంటి వ్యవహారములోనికి మార్చి, కాగితముమీద పట్టికగా వ్రాసి యిచ్చితిని.

ఒక రైతు జూన్‌లో 120 కిలోల పట్టుగూళ్లను కిలో 450 రూపాయల వంతున, జూలైలో 150 కిలోలను 420 రూపాయల వంతున, ఆగస్టులో 135 కిలోలను 480 రూపాయల వంతున అమ్మెను. జూలైతో పోల్చగా ఆగస్టు రాబడి ఎంత శాతము పెరిగెను? ఎన్నుకొనవలసిన జవాబులు నాలుగు: 2.9, 14.3, 20.0, 10.0. ఆమె మొదట జూన్ రాబడిని గుణింపబోయి తానే ఆగి, ‘జూన్ అక్కర్లేదు కదా సార్’ అన్నది. అక్కడనే సగము పని ముగిసినది. పిదప 150ని 420తో గుణించి 63,000 అనియు, 135ను 480తో గుణించి 64,800 అనియు, భేదము 1,800 అనియు తేల్చి, దానిని 63,000తో భాగించి 2.9 అని గుర్తు పెట్టినది. జవాబు సరియైనదే. కాని దీనికింకను దగ్గరి త్రోవ కలదు. తూకము 150 నుండి 135కు తగ్గినది, అనగా పదింట తొమ్మిది వంతులైనది. ధర 420 నుండి 480కి పెరిగినది, అనగా ఏడింట ఎనిమిది వంతులైనది. తొమ్మిదిని ఎనిమిదితో గుణింపగా 72, పదిని ఏడుతో గుణింపగా 70. డెబ్బదికి రెండు పెరిగినది. అది మూడు శాతమునకు కొంచెము లోపల. పెద్ద సంఖ్యలను ముట్టనే లేదు. కాలిక్యులేటరు తీయనే లేదు.

తక్కిన మూడు జవాబులును ఊరక పెట్టినవి కావు. ధర పెరుగుదలను మాత్రమే చూచినవానికి 14.3 వచ్చును. జూలైకి బదులు జూన్‌తో పోల్చినవానికి 20 వచ్చును. తూకము తగ్గుదలను చూచి తొందరపడినవానికి 10 కనబడును. ప్రశ్న కూర్చువాడు మనము చేయదగిన పొరపాట్లను ముందుగానే ఊహించి, ఒక్కొక్క పొరపాటునకు ఒక్కొక్క జవాబు సిద్ధముచేసి పెట్టును. కనుక మనకు వచ్చిన సంఖ్య ఆ నాలుగింటిలో కనబడినంత మాత్రమున అది సరియని సంతోషింపరాదు. సాధన చేయునపుడు సరియైన జవాబును చూచుకొనుటతో తృప్తిపడక, తప్పు జవాబులు మూడును ఏ త్రోవన పుట్టినవో విడదీసి చూచుట నేర్చుకొన్నవాడు ఒక్క ప్రశ్ననుండి నాలుగు ప్రశ్నల ఫలము పొందును. నేనెరిగిన సాధన పద్ధతులలో ఇంతకంటె ఉత్తమమైనది లేదు.

ఈ లెక్కలలో ఎనిమిదవ తరగతిని దాటిన గణితము లేదు. శాతములు, నిష్పత్తులు, సగటులు, లాభనష్టములు, భిన్నములు: ఇంతియే. ఆర్. ఎస్. అగర్వాల్ పుస్తకములో నున్న అధ్యాయములన్నియు ముగింపవలెనని ఆరాటపడి, రైళ్లు, పడవలు, గొట్టములు, తొట్ల లెక్కలతో నెలలు గడపు విద్యార్థులను చూచుచున్నాను. కన్సల్టింగ్ పరీక్షకు అంత వైవిధ్యము అవసరము లేదు. దానికి కావలసినది భిన్నమునకును శాతమునకును గల బంధుత్వము నాలుకపై నుండుట. ఏడవ వంతు 14.3 శాతమనియు, ఎనిమిదవ వంతు పన్నెండున్నర యనియు, పండ్రెండవ వంతు 8.3 అనియు తడుముకొనకుండ చెప్పగలవానికి పట్టికలు భయము గొల్పవు. మన తాతలు వీధిబడులలో అర, కాలు, వీసము ఎక్కములు వల్లించినది ఈ చనువు కొరకే.

వీధిబడుల ప్రసంగము వచ్చినది గనుక ఈ సీమకే చెందిన ఒక పాత నివేదికను స్మరింపక తప్పదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలలోని దేశీయ పాఠశాలల స్థితిని తెలుపుడని కలెక్టరులను కోరగా, 1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ విపులమైన నివేదిక పంపెను. నేటి పెనుకొండ, హిందూపురము, మడకశిర ప్రాంతములు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే; అనంతపురము జిల్లా ప్రత్యేకముగా ఏర్పడినది 1882లో. క్యాంబెల్ సామాన్యుడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడు. ఆయన లెక్కప్రకారము ఆ జిల్లాలో 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, ఎక్కములు కంఠస్థము చేయుటయు, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠము చెప్పుటయు ఆయన వర్ణించెను. పెద్ద పిల్లలచే చిన్నవారికి చెప్పించు పద్ధతిని మెచ్చుకొనెను. కాని పద్యములు నోటికి వచ్చియు అర్థము తెలియకుండుటను ఆయన తీవ్రముగా ఆక్షేపించెను.

రెండు వందల యేండ్లు గడచినను ఆ ఆక్షేపణ మన పరీక్షా శిక్షణకు చెల్లుచునే యున్నది. సూత్రములు కంఠస్థమై, ప్రశ్న అర్థము కాక నిలిచిపోవు విద్యార్థి ఆ బడి పిల్లవానికి మునిమనుమడే. క్యాంబెల్ మెచ్చిన పద్ధతి కూడ నేటికి పనికివచ్చును. అదే కళాశాలనుండి మునుపటి యేట ఉద్యోగము పొందిన అన్నలు, అక్కలు వారమునకొకసారి వీడియోకాల్‌లో కూర్చుండి తమ్ముళ్లకు, చెల్లెండ్లకు పది ప్రశ్నలు విడమరచి చెప్పినచో, అందుకు రొక్కము వ్యయము కాదు. ఇంగ్లీషు ప్రశ్నను కన్నడములోనో తెలుగులోనో విప్పి చెప్పగల గురువు మరియెక్కడ దొరకును?

విప్పి చెప్పుట యనునది కేవలము సౌకర్యము కాదు. మహావీరాచార్యుడు రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున కన్నడదేశములో సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ కాలపు విద్యార్థి పద్యమును చదివి, దానిలో దాగిన సంఖ్యలను సంబంధములను వెలికి తీసి, ఆ తరువాత గణన చేయవలసియుండెను. చదువుట మొదటి పని, లెక్క రెండవ పని. నేటి తెరమీది ప్రశ్నయు అట్టిదే. కనుక ఇంగ్లీషు ప్రశ్నను చదివిన వెంటనే తన భాషలో ఒక్క వాక్యముగా, ‘జూలై కంటె ఆగస్టు ఎంత ఎక్కువ’ అని, మనసులో తిరుగ చెప్పుకొను అలవాటు మన పిల్లలకు మిక్కిలి మేలు చేయును. ఇందువలన కాలము వృథా యగునని మొదట తోచును. కొన్ని వారములు గడచిన పిదప ఆ వాక్యము రెప్పపాటులో రూపుకట్టును.

ఇంగ్లీషు చదువు వేగమునకు మాత్రము అడ్డదారి లేదు. దినమునకొక పుట చొప్పున ‘ది హిందూ’ పత్రిక వ్యాపారపు పుటయో, ఏదైన కంపెనీ వార్షిక నివేదికలో ఒక భాగమో, ఆరు మాసములు విడువక చదువవలెను. కఠిన పదముల జాబితాలు బట్టీపట్టనక్కరలేదు. ప్రశ్నలు తలక్రిందులగునది పెద్ద పదములయందు కాదు. అన్‌లెస్, ఎక్సెప్ట్, ఎట్ లీస్ట్, రెస్పెక్టివ్‌లీ, ఓన్లీ వంటి చిన్న పదములయందు. వానిని కంటితో దాటవేయకుండ చదువుటకు నేర్చినవాడు గెలుచును.

పేరా ప్రశ్నలలో మన పిల్లలు పడు గుంట వేరొకటి కలదు. ఇచ్చిన వాక్యము నిజమా, అబద్ధమా, లేక ఈ పేరానుబట్టి చెప్పలేమా అని మూడు జవాబులుండును. ఉదాహరణమునకు ఈ పేరాను ఊహింపుడు: ‘గత పదేండ్లలో ఈ మండలమున బోరుబావులు త్రవ్వించిన రైతులలో అధికులు బిందుసేద్యము నవలంబించిరి. బిందుసేద్య పరికరములకు ప్రభుత్వము రాయితీ నిచ్చుచున్నది.’ దీనిక్రింద, ‘రాయితీ యుండుటచేతనే రైతులు బిందుసేద్యమునకు మారిరి’ అను వాక్యము. అగళి రైతు బిడ్డ దీనికి వెంటనే ‘నిజము’ అని గుర్తు పెట్టును. రాయితీ లేనిదే ఆ గొట్టములు కొనగలవాడెవడు? తన తండ్రి కొన్నప్పుడు కచేరీకి ఎన్నిసార్లు తిరిగెనో ఆ బిడ్డకు తెలియును. కాని పేరాలో ఆ కారణము చెప్పబడలేదు. రెండు విషయములు ప్రక్కప్రక్కన నిలిచినవి, అంతే. నీటి కొరతచేతనే మారియుండవచ్చును గదా. సరియైన జవాబు ‘చెప్పలేము’ అనునదే. ఇచ్చట అనుభవమే శత్రువగుచున్నది. లోకానుభవము గల పిల్లలు ఈ ప్రశ్నలలో ఎక్కువగా తప్పుదురనుట నాకు చూడగా చూడగా దృఢపడిన అభిప్రాయము. వారికి చెప్పవలసిన మాట యిదియే: నీవెరిగినది నీదగ్గర భద్రముగా నుండనిమ్ము, ఈ ఒక్క నిమిషము పేరా యెరిగినదానిని మాత్రమే యెరుగుము. నిజమునకు కన్సల్టెంటు వృత్తికి మూలమైన శిక్షణ కూడ ఇదే గదా. సాక్ష్యమున్నంతవరకే మాటలాడుట, దానిని దాటి ఒక్క అడుగు వేయకుండుట.

ఆకృతుల వరుసలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆకారము, సంఖ్య, రంగు, దిశ, స్థానము అను అయిదింటిని ఒక్కొక్కటిగా వేరుచేసి చూచుట నేర్చినచో పెక్కు చిక్కులు విడును. కొన్ని పెద్ద కంపెనీలు ఈ పాత పద్ధతులను విడిచి క్రొత్త రూపములకు పోయినవి. మెకిన్సీ వారి సాల్వ్ అను పరీక్ష ఆటవలె నడచును. ఆహారశృంఖల చెదరకుండ జీవరాశులను ఎన్నుకొని ఒక జీవావరణమును నిలబెట్టుట అందులో మొదట పేరుపడిన భాగముగా నుండెను. బోస్టన్ గ్రూపు వారు కేసీ అను చాట్‌బాట్ చేత ఒక వ్యాపార సమస్యను మెట్టుమెట్టుగా అడిగింతురు. రూపము మారినను, ఎక్కువ సమాచారములో అక్కరకు వచ్చుదానిని ఏరుకొనుటయే వీనిలోను పని.

గడియారము సంగతి. యాక్సెంచర్ వారు మన దేశమున క్రొత్త పట్టభద్రులకు ఇటీవలి సంవత్సరములలో పెట్టిన పరీక్షలో 90 నిమిషములలో 90 ప్రశ్నలుండెను. ఇట్టిచోట ఒక ప్రశ్నతో పంతము పట్టుట వలన మూడు ప్రశ్నలు పోవును. ఆత్మాభిమానము గల మంచి విద్యార్థులే ఈ పంతమునకు లోనగుదురు; లెక్కల మాస్టారు నేర్పిన ‘తేలేదాకా వదలకు’ అను గుణము జీవితమున గొప్పదే గాని, ఇచ్చట నష్టకరము. నిమిషము దాటినంతనే ఉత్తమమైన ఊహతో గుర్తు పెట్టి ముందుకు సాగవలెను. అయితే తప్పునకు మార్కు తగ్గింతురా, వెనుకటి ప్రశ్నకు మరలవచ్చునా, కాలిక్యులేటరు అనుమతింతురా అను మూడు విషయములును ఆరంభపు సూచనలలోనే యుండును. సూచనల పుట చదువుచున్నంతసేపు సామాన్యముగా గడియారము తిరుగదు. ఆ ఉచితకాలమును తొందరలో నొక్కివేయరాదు.

సాధనలో గడియారమును మొదటి దినముననే పెట్టుట కూడ పొరపాటే. మొదటి రెండు మాసములు గడియారము లేకుండ, ఎంతసేపైనను పట్టనిమ్మని, శుద్ధముగా చేయవలెను. ఆ పిదప గడువును క్రమముగా బిగింపవలెను. తప్పులన్నిటికి ఒక నోటుపుస్తకము పెట్టి, ప్రతి తప్పునకెదురుగా కారణము వ్రాయవలెను: ప్రశ్న సరిగా చదువలేదా, పద్ధతి తెలియలేదా, గణన తప్పినదా, కాలము చాలలేదా. నాలుగు వారముల పిదప ఆ పుస్తకమును తిరుగవేసినచో తన రోగమేదో తనకే తెలియును. పై చెప్పిన విద్యార్థిని పుస్తకములో మొదటి కారణమే పుటలు నింపినది. అప్పటినుండి ఆమె లెక్కల సాధన తగ్గించి చదువు సాధన పెంచినది. నేను చెప్పక పూర్వమే ఆ నిర్ణయమునకు వచ్చినది.

సాధన ఫలించునా అని సందేహించువారికి శాస్త్రమే సమాధానము చెప్పుచున్నది. ఇట్టి సామర్థ్య పరీక్షలను మరల వ్రాసినవారిపై జరిగిన 50 పరిశోధనలను కలిపి హాస్‌నెక్ట్ మొదలగువారు 2007లో ప్రకటించిన విశ్లేషణలో, రెండవసారి వ్రాసినవారి మార్కులు సగటున పెరిగినట్లును, శిక్షణ కూడ తోడైనచోట ఆ పెరుగుదల హెచ్చైనట్లును తేలినది. పెరుగుదల మహాద్భుతమైనది కాదు. ప్రామాణిక విచలనములో సుమారు నాలుగవ వంతు. కాని గీతకు అటునిటు నిలిచినవారి తలవ్రాతను మార్చుటకు ఆ నాలుగవ వంతు చాలును. ఈ కారణముచేతనే, మొదటి పరీక్షను తాము ఆశపడిన కంపెనీలో వ్రాయక, అంతకుముందే ఉచితముగా దొరకు నమూనా పరీక్షలను పూర్తి నియమములతో వ్రాయుట అవశ్యకర్తవ్యము. పరీక్షా సంస్థలు స్వయముగా ఇచ్చు నమూనాలుండగా వేలకొలది రూపాయలు పోసి ప్రశ్నల కట్టలు కొననవసరము లేదు.

పరీక్షను ఎక్కడ కూర్చుండి వ్రాయవలెను అనునది నగరవాసులకు ప్రశ్నయే కాదు. పల్లెవారికి అది పెద్ద ప్రశ్న. కెమెరా ఎదుట ఒంటరిగా కూర్చుండవలెను. గదిలోనికి మరియొకరు రాకూడదు. తెరమీద వేరొక కిటికీ తెరువకూడదు. ఉమ్మడి గదిలో తమ్ముడు వచ్చి నిలుచుండినను, వీధిలో మైకు మ్రోగినను, కరెంటు పోయినను ఆ నిఘా యంత్రమునకు కారణము తెలియదు. ల్యాప్‌టాప్‌ను నిండ ఛార్జి చేసికొనుట, రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములతో హాట్‌స్పాట్ సిద్ధముగా నుంచుట, ఉచ్చారణ పరీక్షకు మైకుగల హెడ్‌ఫోను అమర్చుకొనుట, గడువు చివరి రాత్రికి వేచియుండక ఒకటి రెండు దినములు ముందే ఉదయమున వ్రాయుట: ఇవి బుద్ధికి సంబంధించినవి కాకపోయినను ఫలితమును నిర్ణయించునవి. మడకశిరలోను, అగళిలోను గ్రంథాలయపు గదియో, ప్రభుత్వ కళాశాల ప్రయోగశాలయో ఈ పిల్లలకు సెలవు దినములలో ఒక పూట తెరచి, తలుపు మూసికొని వ్రాసికొను ఏకాంతము కల్పించుట అధికారులకు కష్టమైన పని కాదు. ఆ పని జరుగవలెనని నేను మనఃపూర్వకముగా కోరుచున్నాను.

ఒంటరిగా వ్రాయు పరీక్షలో మరియొకనిచేత వ్రాయించుకొనవచ్చునను దుర్బోధయు వ్యాపించుచున్నది. డబ్బు తీసికొని వ్రాసిపెట్టెదమని వచ్చువారిని దగ్గరకు రానీయకుడు. ఇంటివద్ద వ్రాసిన పరీక్షను తరువాత పర్యవేక్షణలో మరల వ్రాయించి సరిపోల్చు పద్ధతి ఉన్నది. ఎస్‌హెచ్‌ఎల్ వారి వెరిఫై పరీక్షలు ఆ ఉద్దేశముతోనే రూపొందినవి. పట్టుబడినవాడు ఆ ఉద్యోగముతోపాటు కళాశాలలోని తన తరువాతి వారి అవకాశమును కూడ చెరచును. చాట్‌జీపీటీ వంటి సాధనములను సాధనవేళ గురువుగా వాడుకొనుడు. తప్పు జవాబు ఏ త్రోవన పుట్టినదో అది చక్కగా విడమరచును. పరీక్షవేళ దానిని మూసియుంచుడు.

ఇంతయు చెప్పిన పిదప, ఈ పరీక్షలో నెగ్గనివారు తమను తాము తక్కువగా తలచుకొనకుండుటకు ఒక విషయము తెలియవలెను. ఉద్యోగ సామర్థ్యమును ముందుగా సూచించుటలో ఈ బుద్ధి పరీక్షల శక్తిని ష్మిట్, హంటర్ అను పండితులు 1998లో, 1 పూర్ణశక్తిగా గల కొలతలో, 0.51గా లెక్కించి ప్రకటింపగా, పెక్కుమంది దానిని ప్రమాణముగా గ్రహించిరి. 2022లో సాకెట్ మొదలగువారు ఆ లెక్కలోని సవరణలు అతిగా జరిగినవని చూపి, దానిని 0.31కి దించిరి. అదే విశ్లేషణలో అన్నిటికన్న పైన నిలిచినది, ముందుగా నిర్ణయించిన ప్రశ్నలతో క్రమపద్ధతిని జరుపు ఇంటర్వ్యూ. దానికి వచ్చినది 0.42. కంపెనీలు మొదట వాడు జల్లెడకంటె తరువాత వాడు జల్లెడయే సూక్ష్మమైనదన్నమాట. ఒక కంపెనీ పరీక్షలో తప్పినవారు ఆ కంపెనీ విధించిన విరామకాలము గడచినంతనే మరల దరఖాస్తు పెట్టవచ్చును. ఆ నడుమ వేరొక కంపెనీ పరీక్షకు కూర్చుండవచ్చును.

ఆ తరువాతి జల్లెడ ఇంటర్వ్యూ గనుక, ఆరు మాసముల సాధనలో లెక్కలకును చదువుకును మాత్రమే కాలము పంచిపెట్టిన విద్యార్థి సగము పనియే చేసినవాడగును. వారమునకు రెండు సాయంకాలములు ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు ఇంగ్లీషున ఒక వ్యాపార సమస్య నడుగగా, మరియొకరు కాగితముపై వ్రాసికొనుచు బిగ్గరగా ఆలోచించుచు జవాబు చెప్పవలెను. సమస్యలు పుస్తకములలోనే వెదకనక్కరలేదు. హిందూపురము పట్టుగూళ్ల అంగడిలో ధర పడిపోయిన నెలలో రైతు ఏమి చేయవలెను? ధర్మవరము మగ్గమునకు ముడిపట్టు ధర పెరిగినప్పుడు నేతగాడు చీర ధరను ఎంతవరకు పెంచగలడు? ఎర్రమంచి కియా కార్ల కర్మాగారమునకు విడిభాగము లందించు చిన్న సంస్థ పెనుకొండలో గిడ్డంగి కట్టుట మేలా, అద్దెకు తీసికొనుట మేలా? ఈ ప్రశ్నలకు కావలసిన ప్రాథమిక జ్ఞానము ఈ సీమ పిల్లలకు ఇంటనే కలదు. మొదటి మాసము తెలుగులోనో కన్నడములోనో వాదించి, రెండవ మాసమునుండి అదే వాదమును ఇంగ్లీషున చెప్పుటకు పూనుకొనవచ్చును.